పూర్వుల వెండి రూపాయి: లోపములెట్టివి, విలువ యెంత

ఆలూరు ప్రాంతపు పల్లెలలో పాత యింటి పెట్టెను తెరచి చూచినచో, అడుగున గుడ్డమూటలో ఒకటి రెండు వెండి రూపాయలు కానవచ్చుట సామాన్యము. దీపావళినాడు లక్ష్మీపూజలో నుంచి, పసుపు కుంకుమలు పెట్టి, మరల మూటకట్టి దాచుదురు. వానలు తప్పిన యేట, విత్తనములకో, గుంటూరు సీమకు కూలికి పోవుటకు ముందు ఇంటి ఖర్చులకో చేతిలో పైకము లేనప్పుడు ఆ మూటయే మొదట విప్పబడును. అప్పుడు రెండు విధముల నష్టము కలుగుచున్నది. కొందరు దానిని ముక్కవెండి క్రింద లెక్కించి, అడిగిన ధరకు ఇచ్చివేయుచున్నారు. మరికొందరు, పాత నాణెమునకు లక్షలు వచ్చునను మాట నమ్మి, లక్షలు రాకపోగా చేతిలోని పైకమును కూడ పోగొట్టుకొనుచున్నారు. ఈ రెండు నష్టములను తప్పించుకొనవలెనన్న, అమ్మబోవు వాడే ముందుగా తన నాణెమును చదువుకొనవలెను. ఆ విద్య కష్టమైనది కాదు. ఒక భూతద్దము, సన్నని తూకము చూపు త్రాసు, పగటి వెలుతురు ఉన్న చాలును.

మన యిండ్లలోని నాణెములు

ఆలూరు తాలూకా 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించు వరకు బళ్ళారి జిల్లాలోనిది. నిజాము ఈ సీమను 1800లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చుటచే దీనికి దత్తమండలమను పేరు వచ్చినది. 1800 నుండి 1807 వరకు థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరుగా నుండి శిస్తులు నిర్ణయించిన కాలమున లెక్కలన్నియు వరహాలలోనే సాగినవి. 1818లో చెన్నపట్టణపు రాజధాని యందు వెండి రూపాయి ప్రమాణ నాణెమైనది. అప్పటి మారకము నూరు వరహాలకు మూడువందల యేబది రూపాయలు. అనగా మన తాతముత్తాతల పెట్టెలలో వెండి రూపాయి చేరుట అంతకంతకు పెరిగినది ఆనాటి నుండియే.

అంతకు పూర్వపు నాణెములు కూడ అప్పుడప్పుడు బయటపడును. ఆదవానికి మొగలాయిల నాడు ఇంతియాజ్‌గఢ్ అనియు, కర్నూలుకు కమర్‌నగర్ అనియు పేర్లుండెడివి. ఆ రెండు పేర్లతోను టంకసాల ముద్రలు గల నాణెములున్నవి. పారశీక లిపిలో ముద్రింపబడి, మందముగా, వలయము సరిగా కుదరక ఉన్న వెండి బిళ్ళ మీ యింట ఉన్నచో, దానిని చదివించక అమ్మరాదు. అయితే పారశీక లిపి ఉన్నంత మాత్రమున అది అరుదైనదని తలపరాదు. కంపెనీవారు చెన్నపట్టణమున ముద్రించిన ఆర్కాటు రూపాయలపై కూడ ఆ లిపియే ఉన్నది. వానిపై రెండవ ఆలంగీరు పేరు, హిజరీ 1172 అను సంవత్సరము ఉండును. ఆ సంవత్సరము మన లెక్కకు 1758-59. కాని పాదుషా గతించిన పిదప దశాబ్దముల కొలది అదే సంవత్సరమును అట్లే అచ్చువేయుచు వచ్చిరి.

నాణెముపై సంవత్సరము చూచి వయస్సు కట్టువారు ఈ విషయము గుర్తుంచుకొనవలెను. విక్టోరియా రాణి రూపాయలలోను ఇట్టిదే జరిగినది. 1862 మొదలు 1873 వరకు ముద్రించిన రూపాయలన్నిటిపైన 1862 అనియే ఉండును. 1874 నుండి మరల ఏ యేటి సంవత్సరము ఆ యేట వేసిరి. కావున 1862 నాటి రూపాయి ఇంటింట కనబడినను ఆశ్చర్యపడ పనిలేదు.

ఇక బొమ్మను బట్టి కాలమును గుర్తించుట సులభము. 1835లో దేశమంతటికి ఒకే రూపాయి వచ్చినప్పుడు దానిపై నాలుగవ విలియము రాజు తల, వెనుక ఈస్టిండియా కంపెనీ పేరు ఉన్నవి. 1840 నుండి విక్టోరియా వచ్చినది. మొదట కిరీటము లేని తల, 1862 నుండి కిరీటము గల బొమ్మ. 1877 నుండి రాణి యను మాట పోయి చక్రవర్తిని యను బిరుదు చేరినది. ఏడవ ఎడ్వర్డు (1903-1910) తలపై కిరీటము లేదు. అయిదవ జార్జి (1911-1936) కిరీటముతో, బుట్టాల అంగీతో ఉండును. ఆరవ జార్జి రూపాయలు 1938 నుండి వచ్చినవి.

తులమనగా రూపాయి

1835 నాటి చట్టము రూపాయికి 180 గ్రెయినుల బరువు నిర్ణయించినది. అందులో పండ్రెండింట పదునొకండు పాళ్ళు వెండి, ఒక పాలు రాగి. మన తులము బరువు కూడ ఆ 180 గ్రెయినులే. కనుకనే ముసలివారు వెండి బంగారములను రూపాయి ఎత్తులలో తూచెడివారు. ఇప్పటి కొలతలో రూపాయి 11.66 గ్రాములు, అందులో స్వచ్ఛమైన వెండి 10.69 గ్రాములు. అర్ధరూపాయి ఇందు సగము, పావలా అందు సగము.

ఈ లెక్క 1939 వరకే చెల్లును. రెండవ ప్రపంచ యుద్ధమున వెండికి కరవు వచ్చి, 1940 నుండి 1945 వరకు వచ్చిన రూపాయలలో వెండి సగమునకు దింపబడినది. తక్కిన సగము రాగి, నికెలు, తుత్తునాగము. బరువు మాత్రము అదే 11.66 గ్రాములు, బొమ్మయు అదే ఆరవ జార్జి. త్రాసులో వేసి చూచినను తేడా తెలియదు. సంవత్సరము చదువవలెను; అంచును త్రిప్పి చూడవలెను. దొంగనాణెములను అరికట్టుటకై ఆ కాలపు రూపాయల అంచు మధ్య ప్రత్యేకముగా ఒక గాడిని చెక్కిరి. 1947వ సంవత్సరపు రూపాయలలో వెండి బొత్తిగా లేదు. అవి నికెలువి. వెనుక పులి బొమ్మ ఉండును, అయస్కాంతమునకు అంటుకొనును. అంటుకొన్నంత మాత్రమున అది దొంగది కాదు; వెండిది కాదు, అంతే.

నైజాము చెల్లుబడి కింద నుండిన గ్రామములతో బంధుత్వములున్న కుటుంబములలో చార్మినారు బొమ్మ గల హాలీ సిక్కా రూపాయలు కూడ కలవు. వాని బరువు 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8 పాళ్ళు.

లెక్క చూపుటకై గ్రాము వెండి నూరు రూపాయలనుకొందము. 1939 వరకు గల రూపాయిలోని వెండికి 1,069 రూపాయలు, హాలీ సిక్కాకు సుమారు 914, యుద్ధకాలపు రూపాయికి 583 వచ్చును. నాటి ధర పత్రికలలో చూచి, ఇదే లెక్క కట్టుకొని అంగడికి పోవలెను. షరాబు తరుగు తీయుట న్యాయమే. ఎంత తరుగు, దేనికి అని అడుగుట కూడ న్యాయమే.

ఉబ్బెత్తు గీత, లోతు గీత

నాణెము లోపములు రెండు జాతులు. టంకసాలలో పుట్టినవి కొన్ని, మన చేతులలో కలిగినవి కొన్ని. వెలకట్టువాడు మొదట చూచునది ఈ తేడానే. ఇందుకు ఒక మంచి గుర్తు కలదు. అచ్చు పగిలినప్పుడు ఆ పగులులోనికి వెండి చొచ్చుకొని, నాణెముపై గీత ఉబ్బెత్తుగా నిలుచును. తరువాత గీసిన గీత లోతుగా దిగును. భూతద్దముతో ఏటవాలు వెలుతురులో చూచినచో ఇది నిమిషములో తెలియును. ఉబ్బెత్తు గీత నాణెమునకు తప్పు కాదు. సేకరించువారిలో కొందరు అట్టివానినే కోరుదురు. అచ్చు ఒక ప్రక్కకు తొలగి పడినను, ఒక వైపు బొమ్మ పలుచగా పడినను అవి టంకసాల లోపములే. మిక్కిలి తొలగి పడినవి అరుదు కావున వెల పెరుగవచ్చును.

మన చేతులలో కలుగు లోపములలో మొదటిది అరుగుదల. నాణెము మీద ఎత్తైన చోట్లు ముందుగా అరుగును. విక్టోరియా రాణి చెవి, జడ. అయిదవ జార్జి కనుబొమ, చెవి, కిరీటపు రాళ్ళు. ఇవి విడివిడిగా కనబడుచున్నచో నాణెము కొద్దిగానే చేతులు మారినది. చెవి చదునై, జుట్టు నున్నని ముద్దవలె ఉన్నచో చాల అరిగినది. నూటికి రెండు పాళ్ళకు మించి బరువు తరిగిన రూపాయి నాటి చట్టము ప్రకారము చెల్లుబడి కాదు, అనగా 11.43 గ్రాములకు తక్కువ తూగినది ఆనాడే చెల్లెడిది కాదు. అంచున గాట్లు పెట్టుట కూడ ఇందుకే. అంచును ఆకురాయితో గీకి వెండి రజను దొంగిలించువారు పూర్వముండిరి. గాట్లున్నచో గీకినట్లు వెంటనే తెలియును.

రెండవది, మా సీమలో మిక్కిలి తరచు కనబడునది, మాటు. ఆడువారి దండలలో కూర్చుటకై రూపాయి పైభాగమున కొండి పెట్టి మాటు వేయించెడివారు. తరువాత కొండి తీయించినను, ఆ చోట అంచు గాట్లు మాసిపోయి, లోహపు రంగు మారి, చిన్న గడ్డ వలె మిగులును. తొలిచిన తూటును వెండితో పూడ్చినవియు ఉన్నవి; వెనుకకు త్రిప్పి చూచిన అక్షరములు అక్కడ తెగిపోయి ఉండును. ఇట్టి నాణెమునకు సేకర్తలు వెండి ధరకు మించి ఇచ్చుట అరుదు. కాని కొండితో సహా దండ అంతయు చెడకుండ ఉన్నచో దానిని విడదీయరాదు. అది నగగా తన విలువ తాను నిలుపుకొనును. 1876-78 నాటి ధాత కరవులో ఈ సీమవారు నగలు తెగనమ్ముకొని ప్రాణము నిలుపుకొనిరి. ఆ గండము గడచి మిగిలిన దండ ఏ యింటనైన ఉన్నచో దానిని రూపాయలుగా లెక్కించుట నాకు మనసొప్పదు.

మూడవది షరాబు ముద్ర. పూర్వము వెండి నిజమైనదో కాదో తెలుసుకొనుటకు నాణెముపై చిన్న గుర్తు కొట్టెడివారు. ఆర్కాటు రూపాయలపై ఇవి తరచు కానవచ్చును. ఇవి అందమును చెరచునుగాని, నాణెము నిజమైనదనుటకు సాక్ష్యముగా నిలుచును. ఉలితో లోతుగా నరికిన గాటు మాత్రము విలువను బాగుగా తగ్గించును.

నాలుగవది శుభ్రపరచుట. దీని వలన చెడిన నాణెములు దొంగల వలన పోయిన వానికన్న ఎక్కువని చెప్పవచ్చును. పండుగ వచ్చినదన్న చింతపండు, బూడిద, పండ్లపొడి పెట్టి రుద్దుదురు. నాణెము తళతళలాడును. కాని భూతద్దమున చూచిన మైదానమంతయు వెంట్రుకవంటి గీతలు ఒకే వాటమున కనబడును. సేకర్త దానిని చూచిన వెంటనే వెల సగము చేయును. వెండిపై పట్టిన నలుపు గాలిలోని గంధకము వలన కలిగినది. అది లోపము కాదు, నాణెము ముట్టబడలేదనుటకు గుర్తు. ఆకుపచ్చ మరక రాగి చిలుము. నూనె, కుంకుమ అంటిన నాణెమును గోరువెచ్చని నీటిలో నానబెట్టి, మెత్తని గుడ్డతో అద్దవలెను, రుద్దరాదు. పూజ మానుమని చెప్పుట లేదు. కుంకుమ పళ్ళెమునకు పెట్టి, నాణెమును పళ్ళెములో ఉంచినను లక్ష్మీదేవి కోపింపదు.

దొంగనాణెమును పట్టుట

పోతపోసిన నకిలీ రూపాయిపై సన్నని గుంటలు, మొద్దుబారిన అక్షరములు కనబడును; అంచు చుట్టును రెండు మూసలు కలిసిన గీత గాని, దానిని ఆకురాయితో అణచిన గుర్తు గాని ఉండును. నాణెమును వ్రేలి కొనపై నిలిపి పెన్సిలుతో మెల్లగా తట్టినచో మంచి రూపాయి చాలసేపు మ్రోగును. సీసము, తగరము కలిసినది మూగవోవును. కాని పగులు పట్టిన మంచి రూపాయి కూడ మూగవోవును కావున ధ్వని ఒక్కటే చాలదు. బండపై విసిరి మ్రోగించుట షరాబుల పాత అలవాటు. అంచు దెబ్బతినును కనుక దానిని విడిచిపెట్టవలెను.

అన్నిటికన్న నమ్మదగినది నీటి పరీక్ష. గ్రాములో నూరవ వంతు చూపు ఎలక్ట్రానిక్ త్రాసు ఇప్పుడు చౌకగా దొరకును. ముందు నాణెమును పొడిగా తూచవలెను. పిదప గ్లాసులో నీరు పోసి త్రాసుపై పెట్టి, అంకెను సున్నకు తేవలెను. నాణెమును సన్నని దారమున కట్టి, అడుగును గాని ప్రక్కలను గాని తాకకుండ నీట పూర్తిగా మునుగునట్లు వ్రేలాడదీయవలెను. గాలి బుడగలు అంటుకొని ఉన్నచో దులపవలెను. అప్పుడు త్రాసు చూపు అంకె ఆ నాణెము ప్రక్కకు నెట్టిన నీటి బరువు. 1939 వరకు గల మంచి రూపాయికి అది 1.13 గ్రాముల దరిదాపున ఉండును. యుద్ధకాలపు సగము వెండి రూపాయికి 1.22. వెండి లేని జర్మను వెండితో అంత బరువున చేసిన నకిలీకి 1.36. వెండి బరువైన లోహము కావున అదే తూకమునకు తక్కువ చోటు పట్టుటయే దీని రహస్యము. గ్రీకు దేశపు ఆర్కిమెడీజు రాజు కిరీటమును పరీక్షించెనని చెప్పు కథలో వాడిన సూత్రమిదే. పాఠశాల విద్యార్థి కూడ దీనిని చేసి చూపగలడు. ఇంకను అనుమానము మిగిలినచో, హాల్‌మార్కింగు కేంద్రములలో నాణెమును గీయకయే ఎక్సు కిరణముల యంత్రముతో వెండి పాలు చెప్పుదురు. గీటురాయిపై మాత్రము గీయింపరాదు.

వెండికి మించిన వెల

ఒక నాణెమునకు వెండి ధర కన్న ఎక్కువ ఎప్పుడు వచ్చును? వయస్సు వలన కాదు. విక్టోరియా, అయిదవ జార్జి రూపాయలు కోట్ల కొలది ముద్రింపబడినవి. యుద్ధకాలమున ప్రభుత్వము పాత వెండి రూపాయలను వెనుకకు తీసికొనినను, దాచుకొన్నవారి యొద్ద మిగిలినవి ఇప్పటికి తక్కువ కావు. అరిగిన సామాన్య రూపాయికి వెండి ధర, దానిపై కొద్దిపాటి అదనము మాత్రమే ఆశింపవలెను. మిగిలిన సంఖ్య తక్కువై, కోరువారు ఎక్కువై, అరుగుదల లేక ఉన్నచో వెల పెరుగును. 1911 నాటి అయిదవ జార్జి రూపాయిపై రాజు అంగీ మీది ఏనుగు తొండము పొట్టిగా పడి పందివలె కనబడుచున్నదని ప్రజలలో అలజడి కలిగి, ఆ రూపాయలలో చాల భాగము కరిగింపబడినవి. మరుసటి యేట బొమ్మ దిద్దబడినది. 1939 నాటి వెండి రూపాయి ఇంకను అరుదు. అరుదైన సంవత్సరము చూచినప్పుడు సంతోషించుటకు ముందు భూతద్దము తీయవలెను. చివరి అంకెను దిద్దుట నకిలీదారుల పాత విద్య. ఆ అంకె చుట్టును గీకిన గుర్తులున్నవా, తక్కిన అంకెలతో సమానమైన ఎత్తున ఉన్నదా అని చూడవలెను.

నిలువ లేని ఆశలు చూపువారిని గూర్చి రెండు మాటలు. రాముడు, ఆంజనేయుడు మున్నగు దేవతల బొమ్మలతో, 1818 వంటి సంవత్సరముతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో తిరుగు రాగి, ఇత్తడి బిళ్ళలను కంపెనీ ఎన్నడును ముద్రింపలేదు. అవి తరువాతి వారు చేసిన బిళ్ళలు. బియ్యపు గింజలను లాగు నాణెమని చెప్పి లక్షలు గుంజు మోసము మన రాష్ట్రమున పోలీసు కేసులకు ఎక్కినది. బియ్యమునకు ఇనుప రజను పట్టించి, బిళ్ళలోనో బల్ల క్రిందనో అయస్కాంతము దాచుటకు మించి అందులో మహిమ లేదు. ఫోనులో, మీ నాణెమును లక్షలకు కొందుము, ముందుగా పన్నుకో కమీషనుకో కొంత పైకము పంపుడని అడుగువారు మరొక జాతి. రిజర్వు బ్యాంకు పేరు కూడ వాడుకొనుచుండుటచే, ఆ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన చేసి, తాము పాత నాణెముల బేరములు చేయుట లేదనియు, వానికై ఎట్టి రుసుము కోరుట లేదనియు తెలిపినది. కొనువాడు పైకమిచ్చును, అడుగడు.

చట్టము విషయమున ఒక్క జాగ్రత్త. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన నాణెము పురావస్తువు. ఇంట ఉంచుకొనవచ్చును, విదేశములకు పంపరాదు, దానితో వ్యాపారము చేయువారికి లైసెన్సు ఉండవలెను. కొనువానిని ఆ లైసెన్సు చూపుమనుట మీ హక్కు. ఇక వారసత్వముగా వచ్చినది వేరు, నేలలో దొరికినది వేరు. తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి చేలలో వజ్రములకై వెదకువారి కంటనో, దుక్కి దున్నువాని కంటనో నాణెముల కుండ పడినచో, 1878 నాటి నిధి చట్టము ప్రకారము విలువ పది రూపాయలకు మించిన దానిని గూర్చి కలెక్టరుకు వ్రాతమూలకముగా తెలుపవలెను. దాచినవానికి శిక్షయు కలదు, రావలసిన భాగమును పోవును.

అమ్మక తప్పనిచో ఇద్దరు ముగ్గురిని అడిగి, నాణెమును తమ కంటి ముందే తూపించి, రసీదు తీసికొనవలెను. తాకట్టు పెట్టునప్పుడు సంవత్సరము, బొమ్మ, బరువు చీటిలో వ్రాయించవలెను. లేనిచో విడిపించుకొనునాడు 1919 నాటి రూపాయికి బదులు 1944 నాటిది చేతికి వచ్చినను అడుగుటకు ఆధారముండదు. ఉంచుకొన్నచో, జిగురు పట్టు ప్లాస్టికు సంచులలో గాని, రబ్బరు పట్టీ చుట్టి గాని పెట్టరాదు. రబ్బరులోని గంధకము వెండిని నలుపు చేయును. శుభ్రమైన కాగితపు కవరులో ఒక్కొక్క నాణెమును విడిగా ఉంచి, పైన దాని సంవత్సరము, తూకము, ఎవరి నుండి వచ్చినది, మాటు గాని తూటు గాని ఉన్నదా అను సంగతులు పెన్సిలుతో వ్రాసిన చాలును. అన్నదమ్ములు భాగములు పంచుకొనునాడు రూపాయికి రూపాయి అని సరిపెట్టక, ఆ వ్రాతను చూచి పంచుకొందురు.